విమానంలో తాగి గొడవ, ఇంటికొచ్చిన నోటీసు: కువైట్ తిరిగి వెళ్ళేలోపు ఏం చేయాలి?

ప్రశ్న

నమస్తే అండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయన పదకొండేళ్ళుగా కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. రెండేళ్ళకోసారి వస్తారు. ఈసారి నెలన్నర సెలవు మీద వస్తూ, మధ్యలో విమానం మారే చోట ఆరు గంటలు ఖాళీ దొరికితే డ్యూటీ ఫ్రీలో విస్కీ కొన్నారట. అర లీటరు కూల్‌డ్రింక్ సీసాలో సగానికి సగం కలుపుకుని హైదరాబాద్ విమానంలో తాగారట. వద్దన్న ఎయిర్‌హోస్టెస్‌తో గొడవపడి చేయి పట్టుకున్నారని చెబుతున్నారు. గట్టిగా కాదని ఈయనంటారు, సగం గుర్తే లేదనీ ఆయనే అంటారు. దిగగానే విమానాశ్రయం భద్రత చూసే సీఐఎస్ఎఫ్ వాళ్ళు పోలీసులకు అప్పగించారు. కేసు రాసి, పిలిచినప్పుడు రమ్మని నోటీసు ఇచ్చి మర్నాడు పంపేశారు. ఇప్పుడు విమాన కంపెనీ నుంచి కమిటీకి సంజాయిషీ ఇమ్మని ఈమెయిల్ వచ్చింది. శుక్రవారం గడువు. తిరుగు టికెట్ కూడా వాళ్ళదే, ఇంకో 26 రోజుల్లో ఉంది. మా మరిది ఆ అమ్మాయి నంబరు ఎలాగైనా కనుక్కుని రాజీ మాట్లాడదామంటున్నాడు. ఈయన మంచివారేనండి, ఊళ్ళో ఎవరితోనూ మాట పడింది లేదు. ఉద్యోగం పోతుందేమోనని నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు

అమ్మా, ముందు శుక్రవారం సంగతి చూద్దాం. మిగతావన్నీ దాని తర్వాతే.

మీ చేతిలో ఇప్పుడు రెండు వేరువేరు వ్యవహారాలున్నాయి. ఇంట్లో అందరూ వాటిని ఒకటిగా కలిపి మాట్లాడుకుంటున్నట్టు మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఒకటి విమాన కంపెనీ కమిటీ. మీ ఆయన్ని తమ విమానాలు ఎక్కనివ్వాలా, వద్దంటే ఎన్నాళ్ళు వద్దు అన్నంతవరకే అది తేలుస్తుంది. జైలు దాని చేతిలో లేదు. రెండోది హైదరాబాద్‌లో రాసిన పోలీసు కేసు. అది కోర్టు దారిలో నడుస్తుంది. పోలీసులు పంపేశారు కదా అని కమిటీ వదలదు. కమిటీకి క్షమాపణ రాశాం కదా అని కేసూ పోదు. దేని కాగితాలు దానివి, దేని గడువు దానిది. రెండు ఫైళ్ళు విడివిడిగా పెట్టండి.

కమిటీ లెక్క ఇది. గొడవ చేసే ప్రయాణికుల మీద, దేశంలో విమానాల రాకపోకలను నియంత్రించే డీజీసీఏ 2017 సెప్టెంబరులో తెచ్చిన నిబంధనల్లో తప్పు మూడు మెట్లుగా ఉంటుంది. నోటి దురుసు, సైగలు, తాగి అదుపు తప్పడం మొదటి మెట్టు. దానికి 3 నెలల వరకు నిషేధం. నెట్టడం, కొట్టడం, పట్టుకోవడం, ఒంటి మీద చేయి వేయడం రెండో మెట్టు, 6 నెలల వరకు. విమానాన్ని దెబ్బతీయడం, గొంతు నులమడం, పైలట్ల గదిలోకి చొరబడబోవడం లాంటివి మూడో మెట్టు. అక్కడ 2 ఏళ్ళకు తక్కువ ఉండదు, పైన ఎంతకైనా పోవచ్చు. ఈమెయిల్‌లో ఏ లెవెల్ అని రాశారో వెతకండి. చేయి పట్టుకున్నారన్న ఆరోపణ ఉంది కనుక రెండోది అయ్యే అవకాశమే ఎక్కువ. మీ మనసును అందుకు సిద్ధం చేసుకోండి.

కమిటీకి రిటైరైన జిల్లా సెషన్స్ జడ్జి అధ్యక్షుడు. వేరే విమాన కంపెనీ మనిషి ఒకరు, ప్రయాణికుల సంఘం లేదా వినియోగదారుల తరఫు మనిషి ఒకరు సభ్యులు. ఈ ముగ్గురూ 30 రోజుల్లో తేల్చాలి. ఆలోపు మీ ఆయన్ని తమ విమానం ఎక్కనివ్వకుండా ఆపే హక్కు కంపెనీకి ఉంది. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో, కేంద్ర పౌర విమానయాన శాఖ వేసిన అప్పీలు కమిటీకి వెళ్ళొచ్చు. దానికి రిటైరైన హైకోర్టు జడ్జి అధ్యక్షులు. ఇంకోసారి ఇలాగే జరిగితే నిషేధం మొదటిదానికి రెట్టింపు. ఒక కంపెనీ పెట్టిన నిషేధాన్ని మిగతా కంపెనీలు పాటించి తీరాలని లేదు, కానీ ఆ పేరు డీజీసీఏ జాబితాకు చేరుతుంది కనుక పాటించాలనుకుంటే పాటించవచ్చు.

ఇక జవాబు రాయడం. రాజోలు సెంటర్లో నెట్ షాపు కుర్రాడి చేత ఎక్కడిదో ఉత్తరం దింపించి సంతకం పెట్టించకండి. చాలామంది చేసే తప్పు ఇదే. ఆ ఉత్తరాల్లో ‘నా మీద తప్పుడు ఆరోపణలు’ అని మొదలవుతుంది. అవతల సిబ్బంది రాసిన రిపోర్టు ఉంటుంది, కెప్టెన్ రాసింది ఉంటుంది, పక్క సీట్లవాళ్ళ మాట ఉంటుంది, ఎవరో ఒకరి ఫోన్లో వీడియో ఉంటుంది, దిగాక చేసిన వైద్య పరీక్ష కాగితమూ ఉండొచ్చు. ఇన్నిటి ముందు ‘తాగలేదు’ అన్న ఒక్క మాట నిలవదు. నిలవకపోగా, తర్వాత చెప్పే నిజం కూడా అబద్ధంలానే వినపడుతుంది. తలనొప్పి మాత్ర పడలేదనో, విమానంలో కళ్ళు తిరిగాయనో కథ అల్లొద్దు.

రాయాల్సింది ఒక్క పేజీ. పైన పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టుగా. ప్రయాణం తేదీ, విమానం నంబరు, సీటు నంబరు, పీఎన్ఆర్. తర్వాత ఏం తాగారు, ఎక్కడ కొన్నారు, ఎంత. తర్వాత తనకు గుర్తున్నంతవరకు జరిగింది, వరసగా. గుర్తులేనిచోట ‘ఇక్కడి నుంచి నాకు గుర్తులేదు, సిబ్బంది చెప్పినదాన్ని కాదనే స్థితిలో నేను లేను’ అని రాస్తే చాలు. ఆ అమ్మాయికి, మిగతా సిబ్బందికి, ప్రయాణికులకు క్షమాపణ. ఆ మాటలో ‘బాధ కలిగి ఉంటే’ అన్న మెలిక పెట్టొద్దు. బాధ కలిగింది. తర్వాత ఇప్పటికే తీసుకున్న జాగ్రత్త, అంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళిన చీటీ. ఆ సంగతి కిందికి వచ్చి చెబుతాం. చివర, తన మాట వినడానికి ఒక అవకాశం ఇమ్మని, వీడియోలో అయినా సరేనని ఒక అభ్యర్థన, జీవనాధారం ఆ ఉద్యోగమేనని ఒక వాక్యం. పోలీసు కేసు కూడా ఉంది కనుక పంపేముందు లాయరుకు ఒకసారి చూపించండి. ఇక్కడ ఒప్పుకున్న మాట అక్కడ ఎలా పనిచేస్తుందో ఆయన చూసి, అవసరమైతే రెండు పదాలు మారుస్తారు. అబద్ధం రాయమంటే మాత్రం వద్దనండి.

‘సగం గుర్తులేదు’ అన్నమాట గురించి కొంచెం ఆగి చెప్పాలి. మీరు దాన్ని అబద్ధమనుకుంటున్నారో, సాకు అనుకుంటున్నారో తెలియడం లేదు. అది నిజమే అయ్యుండొచ్చు. లెక్క వేసి చూడండి. అర లీటరు సీసాలో సగం అంటే 250 మిల్లీలీటర్ల విస్కీ. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో ఇంచుమించు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అంటే ఆ సీసాలో ఎనిమిది పెగ్గులు, 80 గ్రాములకు కాస్త అటూ ఇటూ. మన లివరు గంటకు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగిస్తుంది. చన్నీళ్ళు పోసుకున్నా, మజ్జిగ తాగినా, కాఫీ పట్టించినా ఆ వేగం పెరగదు. కువైట్ నుంచి వచ్చే దారిలో రెండో విమానం మొత్తం నాలుగు గంటలకు అటూ ఇటూ. తాగింది ఒళ్ళు విడవాలంటే ఎనిమిది నుంచి పదకొండు గంటలు కావాలి. తీపి కూల్‌డ్రింకులో కలిపితే ఘాటు తెలియదు. ఆకలి కడుపు మీద అయితే ఇంకా త్వరగా ఎక్కుతుంది. రక్తంలో ఒక్కసారిగా అంత చేరినప్పుడు మెదడులో జ్ఞాపకాలు రాసుకునే భాగం పని ఆపేస్తుంది. మనిషి నడుస్తూనే ఉంటాడు, మాట్లాడుతూనే ఉంటాడు, ఏదీ లోపల నమోదు కాదు.

మీ ఆయన విషయంలో అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళ ఇళ్ళలో దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కువైట్‌లో మద్యం నిషేధం. రెండేళ్ళు చుక్క ముట్టని మనిషికి పాత తట్టుకునే శక్తి పోతుంది. ఆయన తలలో మాత్రం రెండేళ్ళ కిందటి లెక్కే ఉంటుంది: ‘నాకు క్వార్టర్ ఒక లెక్కా?’ అని. ఒంటికి ఇప్పుడు అందులో సగమే ఎక్కువ. పెళ్ళాం పిల్లల్ని చూడబోతున్నానన్న ఆత్రం, రాత్రి నిద్ర లేకపోవడం, విమానాశ్రయంలో ఆరు గంటల ఖాళీ, చేతిలో జీతం డబ్బు, ఎదురుగా మెరిసే బాటిళ్ళు. కట్టు తెగే చోటు అది. విమానంలో జరిగింది దాని వెనక వచ్చిన వరద.

విమానం తలుపు మూశాక లోపలి గాలి కూడా మన కింద నేల గాలి కాదు. పైకి వెళ్ళాక లోపలి పీడనాన్ని 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉండే స్థాయిలో ఉంచుతారు. ఊటీ దాదాపు 7,350 అడుగులు. సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేని లంకల్లో పుట్టిన మనిషిని అరగంటలో ఊటీ మీద కూర్చోబెట్టినట్టు. ఆక్సిజన్ తగ్గుతుంది, గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు, నోరు ఎండిపోతుంది. ఎత్తుకు వెళ్ళినంత మాత్రాన రక్తంలో ఆల్కహాల్ పెరగదు, కానీ తక్కువ ఆక్సిజన్ వల్ల వచ్చే మత్తు, అలసట దానికి తోడవుతాయి. జర్మనీలో 2024లో పరిశోధకులు ఆరోగ్యవంతులను ఇలాంటి పీడనంలో తాగించి పడుకోబెట్టి చూస్తే రక్తంలో ఆక్సిజన్ 85 శాతం చుట్టూ పడిపోయింది, గుండె నిమిషానికి 88 సార్ల దాకా కొట్టుకుంది. ఇంతా చేసి వాళ్ళు తాగింది రెండు బీరు డబ్బాలకు సమానమైనంతే. కుర్రవాళ్ళకే అలా ఉంటే బీపీ, షుగరు ఉన్నవాళ్ళ సంగతి ఆలోచించండి. దడ తగ్గడానికని నిద్రమాత్ర, వాంతి రాకుండా ఒక మాత్ర వేసుకుని దాని మీద తాగడం ఇంకా ప్రమాదం.

ఇదంతా చదివి, ‘అయితే ఆయన తప్పు లేదన్నమాట’ అనుకోకండి. తనంతట తాను తాగిన మనిషికి, తెలివిలో ఉన్నప్పుడు ఎంత ఎరుక ఉంటుందో అంతే ఉన్నట్టు చట్టం లెక్కిస్తుంది. ఎవరైనా తెలియకుండా తాగిస్తే, బలవంతంగా తాగిస్తే తప్ప మత్తు రక్షణ కాదు. ‘గుర్తులేదు’ అన్నది నిజం కనుక చెప్పాలి, అంతే. అది ఆయన్ని కాపాడదు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. ‘గట్టిగా కాదు’ అన్న మాట మీరు రాశారు. ఆమె వైపు నుంచి ఒక్కసారి చూడండి. 180 సీట్ల విమానంలో సిబ్బంది సాధారణంగా నలుగురు. ఎక్కేటప్పుడు తలుపు దగ్గర ఆమె పెట్టే నమస్కారం మర్యాద కోసమే అనుకుంటాం. ఆ రెండు సెకన్లలో ఆమె కళ్ళు ఎర్రబడ్డాయా, అడుగు తడబడుతోందా, వాసన వస్తోందా అని చూస్తుంది. తర్వాత ఇరుకు దారిలో ట్రాలీ అడ్డంగా ఉండగా, వెనక్కి వెళ్ళే చోటు లేక, సీటులోంచి లేచిన మగవాడి చేయి తన మణికట్టు మీద పడుతుంది. ఎంత గట్టిగా పట్టుకున్నాడన్నది ఆమెకు తర్వాతి విషయం. నలుగురిలో ఒకరు ఒక్క మనిషి దగ్గర ఇరుక్కుపోతే, ఆ సమయంలో మంట లేచినా, ఎవరికైనా గుండెపోటు వచ్చినా చూడాల్సిన చేయి ఒకటి తగ్గిపోయినట్టే. నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు మీద ఎవరైనా తాగి అంచు దగ్గర గొడవ చేస్తే, నడిపే సరంగు పంటును ఒడ్డుకు తిప్పేస్తాడు. ఆకాశంలో పక్కనే రేవు ఉండదు. అందుకే విమానం తలుపు మూసినప్పటి నుంచి తెరిచేదాకా కెప్టెన్‌కు మనిషిని కట్టిపడేయమని చెప్పేంత అధికారం 1963 నాటి టోక్యో ఒప్పందం ఇచ్చింది. మన దేశంలోనూ 1975 నుంచి దానికి చట్టం ఉంది. ముందు మాటతో హెచ్చరిక, ఆపైన కాగితం మీద హెచ్చరిక, ఏదీ పనిచేయకపోతే ప్లాస్టిక్ బేడీలు.

‘కంపెనీ వాళ్ళు అంత పట్టుదలగా ఎందుకున్నారు, చూసీచూడనట్టు వదిలేయొచ్చుగా’ అని ఊళ్ళో అంటారు. వదలడానికి వీల్లేదు. 2022 నవంబరులో న్యూయార్క్ నుంచి ఢిల్లీ వచ్చిన విమానంలో తాగిన ప్రయాణికుడొకడు ఒక పెద్దావిడ మీద మూత్రం పోశాడని ఆరోపణ వచ్చింది. కంపెనీ వెంటనే చెప్పలేదు. డీజీసీఏ ఆ కంపెనీకి 30 లక్షల జరిమానా వేసింది, పైలట్ లైసెన్సు 3 నెలలు ఆపేసింది. అప్పటి నుంచి సిబ్బందిలో ఎవరూ ఇలాంటివాటిని కడుపులో పెట్టుకోరు.

అందుకే మీ మరిదిని ఆపండి. ఈ రోజే ఆపండి. ఆ అమ్మాయి నంబరు వెతకడం, ఫేస్‌బుక్‌లో మెసేజ్ పెట్టడం, తెలిసినవాళ్ళ చేత చెప్పించడం ఏదీ చేయకూడదు. మంచి మాటకే వెళ్ళినా అది సాక్షిని బెదిరించినట్టు రికార్డవ్వొచ్చు, ఇప్పుడున్న కేసు పక్కన ఇంకో కేసు నిలబడొచ్చు. ఏదైనా రాజీ మాట వస్తే లాయరు, కోర్టు ద్వారానే రావాలి.

కేసు విషయంలో ముందు ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చుకోండి. అందులో ఏ సెక్షన్లున్నాయన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. విమాన నియమాల్లో 22వది సిబ్బందిని కొట్టడం, బెదిరించడం, వాళ్ళ పనికి అడ్డుపడటం గురించి. 23వది తోటి ప్రయాణికుల జోలికి వెళ్ళడం, తాగి విమానంలో క్రమశిక్షణ చెడగొట్టడం గురించి. ఇవి కాక, పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోవి కూడా పెట్టి ఉండొచ్చు. 355 ఒక్కటే అయితే, అది తాగి బహిరంగంగా అల్లరి చేయడం, 24 గంటల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. 74 పెట్టి ఉంటే సంగతి పూర్తిగా వేరు. ఆడమనిషి గౌరవానికి భంగం కలిగించేలా చేయి చేసుకోవడం అది, ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా శిక్ష ఉంది, బెయిలు కోర్టు దయ. మర్నాడే నోటీసు ఇచ్చి పంపారు కదా, 74 ఉండదులే అని ఊహ మీద ఉండొద్దు, చూసుకోండి.

పిలిచినప్పుడు రావాలని ఇచ్చిన ఆ నోటీసు మామూలుగా బీఎన్ఎస్ఎస్, అంటే పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం, 35వ సెక్షన్ కింద ఇస్తారు. ‘పంపేశారు’ అని దాన్ని మరచిపోయేవాళ్ళే ఎక్కువ. పిలిచిన రోజు వెళ్ళకపోతే అరెస్టు చేసే అధికారం పోలీసులకు వస్తుంది. చెప్పకుండా కువైట్ వెళ్ళిపోతే మీ ఆయన తప్పించుకు తిరుగుతున్నారన్న అభిప్రాయం పడుతుంది, వచ్చే సెలవుకు దిగగానే ఇమిగ్రేషన్ కౌంటర్లో ఆపేసే పరిస్థితి రావచ్చు. లాయరు ద్వారా దర్యాప్తు అధికారికి తిరుగు ప్రయాణం తేదీ, కువైట్ చిరునామా, ఫోన్ నంబరు రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఛార్జిషీటు పడి కోర్టు కేసు చేపట్టాక పాస్‌పోర్టు రెన్యువల్‌కు కోర్టు అనుమతి కావాల్సి వస్తుంది. మీ ఆయన పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో ఈ సాయంత్రమే తెరిచి చూడండి. లాయరు ఖర్చు భారమైతే న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెబుతారు.

టికెట్ మాట. 26 రోజుల తర్వాత అదే కంపెనీ విమానం ఎక్కనిస్తారని ఆశ పెట్టుకోవద్దు. ఆ టికెట్ రద్దు చేస్తే ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే అడగండి. కౌంటర్ దగ్గర ఆపేశాక అప్పటికప్పుడు కొనే టికెట్‌కు నెల జీతం పోతుంది. వేరే కంపెనీలో, మధ్యలో ఎక్కడా ఆగకుండా హైదరాబాద్ నుంచి నేరుగా కువైట్ వెళ్ళేది తీసుకోండి. కువైట్ కంపెనీల విమానాల్లో అసలు మద్యం ఇవ్వరు, మీకు కావాల్సిందీ అదే. కఫీల్‌తో, అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమానితో, ఇకామా (నివాస అనుమతి) గడువు కూడా మాట్లాడి ఉంచుకోండి. ఒకవేళ ఆలస్యమైతే ఎన్నాళ్ళు బయట ఉండొచ్చో తెలుస్తుంది.

మొన్నటి ప్రయాణం కంటే ఈ తిరుగు ప్రయాణమే మాకు ఎక్కువ భయంగా ఉంది. వచ్చేటప్పుడు తాగి దిగితే హైదరాబాద్. వెళ్ళేటప్పుడు తాగి దిగితే కువైట్. అక్కడ ఇది నేరం, ఉద్యోగం పోవడమే కాదు దేశం నుంచి పంపేయొచ్చు, మళ్ళీ వీసా రాకపోవచ్చు. మన ఊళ్ళలో గల్ఫ్ వెళ్ళేవాణ్ణి ఎలా సాగనంపుతారో మీకు తెలుసు. కోడి కూర, స్నేహితులు, బాటిలు, ఆ తర్వాత హైదరాబాద్ దాకా రాత్రంతా కారు, కారులో ఇంకో బాటిలు. రాత్రి 10 గంటలకు ఒక క్వార్టర్ పూర్తి చేస్తే, అంటే 180 మిల్లీలీటర్లు, 60 గ్రాములు, అది దిగేసరికి ఉదయం 6 దాటవచ్చు. దాని మీద రెండు పెద్ద బీరు సీసాలు పడితే మరో 50 గ్రాములు, మధ్యాహ్నం దాటిపోవచ్చు. విమానం ఎక్కడానికి 24 గంటల ముందు నుంచి చుక్క ఉండకూడదు. కారులో పక్కన మీరో, మీ మావగారో కూర్చోండి. స్నేహితుల్ని ఊళ్ళోనే ఆపేయండి.

కానీ ఒక మెలిక ఉంది. ఈ నెలన్నరలో ఆయన రోజూ తాగుతున్నారా? ఉత్తరంలో మీరు రాయలేదు. రోజూ గట్టిగా తాగే మనిషి ప్రయాణం రోజు ఠక్కున ఆపితే, ఆరు గంటలు గడిచేసరికి చేతులు వణకడం, చెమటలు, ఊరికే చిరాకు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. మందు ముట్టకుండానే విమానంలో గొడవపడేవాళ్ళలో కొందరిది ఈ స్థితే. అలా ఉంటే కనీసం పది రోజుల ముందే డాక్టరుకు చూపించాలి. మానసిక వైద్యులు వణుకు రాకుండా కొద్ది రోజులకు మాత్రలు రాసి, విటమిన్ బి1 ఇచ్చి నెమ్మదిగా మాన్పిస్తారు. మీ అంతట మీరు మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొని ఇవ్వొద్దు. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మాన్పించే కేంద్రాల కోసం 14446. రోజూ తాగే అలవాటు లేకపోయినా ఒకసారి చూపించండి, ఆ చీటీయే మీరు కమిటీకి జతచేయాల్సింది. తారీకు వెనక్కి వేసిన చీటీ మాత్రం తేవొద్దు.

మీరు రాశారు, ఆయన మంచివారని. నమ్ముతాం. ఊళ్ళో ఎవరితోనూ మాట పడని మనిషే పరాయి ఆడపిల్ల చేయి పట్టుకున్నాడన్నది కూడా అంతే నిజం. ఈ రెండు మాటలూ ఆయన ముందు మీరే చెప్పాలి, ఒకటి చెప్పి రెండోది దాచకుండా. తెల్లవారి, కడుపులో టిఫిను పడ్డాక, పిల్లలు బడికి వెళ్ళాక చెప్పండి. రాత్రి పూట, మరిది ఎదురుగా వద్దు.

ఇక రెండేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చేటప్పటి సంగతి. ప్రయాణం తేదీ తెలియగానే ఊళ్ళోంచి ఫోన్లు మొదలవుతాయి, ‘వచ్చేటప్పుడు ఒక ఫారిన్ బాటిల్ తే రా’ అని. డ్యూటీ ఫ్రీలోకి ఆయన్ని నడిపించేది ఎక్కువగా ఆ ఫోన్లే. స్నేహితుల కోసమని లోపలికి వెళ్ళి తన కోసం ఇంకోటి పట్టుకొస్తారు. ఆ ఫోన్లకు మీరు జవాబు చెప్పండి. ఖర్జూరాలు, అత్తరు, బామ్ ఎన్నైనా తెస్తారు, బాటిల్ తేరని. ఎప్పుడైనా కొన్నా, దుకాణంలో సీలు వేసిన ఆ పారదర్శకమైన సంచి ఇల్లు చేరేదాకా తెరవకూడదు. తనతో తెచ్చుకున్న మందు విమానంలో తాగడమే నిషేధం, సిబ్బంది పోసింది తప్ప. అదే విమానంలో ఊరివాళ్ళెవరైనా తోడు వస్తుంటే, ఈయన తాగడం మొదలుపెట్టారని తెలిసిన క్షణమే సిబ్బందికి మెల్లగా చెప్పమనండి. మూడో గ్లాసు దాకా ఆగితే వాళ్ళ చేతిలోనూ ఉండదు.

వచ్చేటప్పుడు కూడా నేరుగా హైదరాబాద్ దిగే విమానమే చూడండి. దొరక్కపోతే మధ్యలో ఆగేది రెండు మూడు గంటలకు మించనిది తీసుకోండి. టికెట్లు బుక్ చేసేవాళ్ళు మీకు ధర ముందు చెబుతారు, దుబాయ్‌లోనో దోహాలోనో ఆరు గంటలో ఎనిమిది గంటలో ఆగాలన్న సంగతి దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ గంటలు ఎన్నో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.